పింఛనుకు గడువు
(చేర్యాల పఠనమందిరమున ఒక న్యాయవాది చేసిన ప్రసంగము)



1938-39 సంవత్సరములలో నిజాము రాజ్యమున ఆర్యసమాజ సత్యాగ్రహము జరిగెను. మన చేర్యాల నాడు ఆ రాజ్యములోనిదే. ఆ సత్యాగ్రహులు కొందఱు దశాబ్దముల పిమ్మట స్వాతంత్ర్యయోధుల పింఛను కోరగా, గడువు దాటినదని ప్రభుత్వము అభ్యంతరము చెప్పెను.

ముకుందలాల్ భండారీ కేసున 1993లో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చెను. గడువు కచేరీ సౌకర్యమునకే గాని అర్హుని హక్కును హరించుటకు గాదనెను. అయితే దరఖాస్తు చేరిన నాటినుండియే పింఛను లభించును. వెనుకటి బకాయి రాదు. అనగా ఆలస్యము హక్కును చంపదు, సొమ్మును మాత్రము తినివేయును.

పింఛను దయాభిక్ష కాదని 1982లోనే నకారా కేసున ఆ న్యాయస్థానము పలికియుండెను. పార్లమెంటు మాజీ సభ్యులకు 1976లో శాసనమే పింఛను కల్పించెను. 2018లో సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. శాసనకర్తలు తమ పింఛనును తామే ఏర్పరచుకొనగలరు. సామాన్యుడు కచేరీ గుమ్మమున తేదీలు లెక్కించుకొనవలెను.

భండారీ తీర్పులోని ఔదార్యము ఎల్ల పింఛనులకు వర్తించునని భ్రమపడరాదు. చందాతో నడచు భవిష్యనిధి పింఛను విషయమున, అధిక పింఛను కోరుటకు 2022 నవంబరు 4 నాటి తీర్పు నాలుగు మాసముల వ్యవధినే యొసగెను.

కావున యువకులారా! ప్రకటన వెలువడిన నాడే దానిని బిగ్గరగా చదివి వినిపింపుడు. వృద్ధులకును వితంతువులకును దరఖాస్తులు వ్రాసిపెట్టుడు. రసీదు చేతికి వచ్చువరకు కచేరీ విడువకుడు. చట్టమెఱుగని పేదకు గడువే గోడ యగును. ఆ గోడకు ద్వారము తెఱచుట మన విధి.