పద్నాలుగు పదాల కొలత



కృత్రిమ మేధ విషయంలో దేశదేశాల విశ్వవిద్యాలయాలు పెట్టుకుంటున్న నిబంధనల గురించి మాట్లాడమన్నారు. అన్నీ ఏకరువు పెట్టను. రేపు మన శాఖలకు నిబంధనలు రాయవలసినవాళ్లు ఈ సికింద్రాబాద్ సభలోనే ఉన్నారు. వాళ్లకు పనికొచ్చేంత మేరకే చెబుతాను.

చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న వచ్చింది. రెండు నెలలకే పారిస్‌లోని సియాన్స్ పో దాన్ని నిషేధించింది. హాంకాంగ్ విశ్వవిద్యాలయం ఫిబ్రవరిలో నిషేధించి, సెప్టెంబరుకల్లా తానే విద్యార్థుల చేతికిచ్చింది. బ్రిటన్‌లో రస్సెల్ గ్రూపులోని 24 విశ్వవిద్యాలయాలు ఉమ్మడి సూత్రాలు ప్రకటించాయి. నాకు నచ్చింది మాత్రం సిడ్నీ విశ్వవిద్యాలయం దారి. కళ్లెదుట రాయించే, చెప్పించే పరీక్షలు ఒక రకం. ఇంటిదగ్గర రాసుకొచ్చేవి మరో రకం. రెండో రకంలో కృత్రిమ మేధను వాడనిచ్చారు. ఆపలేనిదాన్ని ఆపుతున్నట్టు నటించలేదు, అదీ వాళ్ల గొప్ప.

మన చేతిలో ఉన్నది యూజీసీ 2018లో తెచ్చిన గ్రంథచౌర్య నిబంధనలు. పోలిక 10 శాతం దాటకపోతే శిక్ష లేదు. 60 దాటితే పరిశోధక విద్యార్థి నమోదే రద్దు. ఇది ఎక్కడో అచ్చయిన రచనతో పోల్చి చూసే కొలత. యంత్రం అప్పటికప్పుడు అల్లిన వాక్యానికి పోల్చదగ్గ మూలం ఉండకపోవచ్చు. నాలుగు పేరాలు ఎత్తి రాసినవాడు దొరుకుతాడు, అసలేమీ రాయనివాడు దర్జాగా బయటపడతాడు.

ఆ నిబంధనల్లోనే ఇంకోటుంది: యాదృచ్ఛికంగా వరసగా 14 పదాల దాకా కలిస్తే లెక్కలోకి రాదు. ఇంగ్లిషులో అది మహా అయితే ఒక వాక్యం. విభక్తులూ ప్రత్యయాలూ పదంలోనే ఇమిడిపోయే తెలుగులో రెండు మూడు వాక్యాలు కావచ్చు. తెలుగు వాక్యాన్ని ముందు పెట్టుకుని తీసిన కొలత కాదిది.

యంత్రరచనను పట్టిస్తామనే సాఫ్ట్‌వేర్ల సంగతి మరీ అన్యాయం. కచ్చితత్వం చాలక ఓపెన్‌ఏఐ తన సొంత డిటెక్టర్‌ను 2023 జులైలో ఉపసంహరించుకుంది. మరుసటి నెలలో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం టర్నిటిన్ డిటెక్టర్‌ను ఆపేసింది. ఇంగ్లిషు మాతృభాష కానివారు రాసిన 91 టోఫెల్ వ్యాసాలను స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లకు ఇస్తే, సగటున 61 శాతాన్ని యంత్రం రాసిందనే తేల్చాయి. తర్వాతి పదం సులభంగా ఊహకందితే చాలు, వాటికి అనుమానం. ఇక్కడికి దగ్గర్లోనే తార్నాకలో, 1958లో పుట్టి ఇంగ్లిషు అధ్యాపకులకు శిక్షణనిస్తూ వచ్చిన సంస్థ, నేటి ఇఫ్లూ, ఉంది. అలాంటి అధ్యాపకుల దగ్గర మన పిల్లలు కష్టపడి నేర్చుకున్న సాదాసీదా ఇంగ్లిషే నేరానికి సాక్ష్యమైతే ఎలా?

అందుకే, డిటెక్టర్ చూపిన శాతం ఒక్కటే పట్టుకుని ఎవరినీ శిక్షించకూడదని మన నిబంధనల్లో మొట్టమొదట రాయాలి. పాత పత్రికల స్కాన్లను అక్షరాల్లోకి మార్చుకోవడానికి, సూచిక తయారీకి యంత్రాన్ని వాడుకోనిద్దాం. ఎక్కడ వాడారో సిద్ధాంతగ్రంథం మొదటి పుటల్లో చెప్పమందాం. యంత్రమిచ్చిన ప్రతి ఆధారాన్నీ విద్యార్థి స్వయంగా చూసి తీరాలి, ఎందుకంటే లేని పుస్తకానికి పేరు పెట్టడం దానికి చిటికెలో పని. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో కూర్చుని రాసుకున్న నోట్సు, ఊళ్లో రికార్డు చేసిన పాట, కొట్టివేతలతో నిండిన చిత్తుప్రతి: వీటిని ఏడాదికోసారి పర్యవేక్షకుడి ముందు పెట్టించాలి. మౌఖిక పరీక్ష మన దగ్గర చాలాచోట్ల శాలువాల కార్యక్రమంగా మారింది. దాన్ని మళ్లీ పరీక్ష చేయాలి.

పనిభారం పెరుగుతుందంటారు. పెరుగుతుంది. ఒక్కో పర్యవేక్షకుడి కింద ఎంతమంది ఉండాలన్న లెక్క కూడా అప్పుడు తిరగరాయాల్సిందే. మనకు కావలసింది మనమే సమకూర్చుకోవడం ఇక్కడ కొత్తేమీ కాదు. ఉర్దూలో పాఠాలు చెప్పదలచిన ఉస్మానియా విశ్వవిద్యాలయం, తరగతులు మొదలవకముందే 1917లో అనువాద సంస్థను పెట్టుకుంది. తనకు కావలసిన పుస్తకాలను తానే తయారుచేసుకుంది. మధ్యాహ్నం గోష్ఠిలో మన నిబంధనల ముసాయిదా చేతికి తీసుకునేవారు ఆ 14 పదాల దగ్గరే మొదలుపెట్టండి. తెలుగుకు ఎన్ని పదాలు ఉండాలో, అసలు పదాల్లోనే లెక్కించాలో లేదో తేల్చి యూజీసీకి రాద్దాం.