నాగు అప్పు, డాలరు అప్పు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



రూపాయి విలువ తగ్గినదన్న వార్త బొంబాయి వర్తకులకే గాని పల్లెవాసులకు సంబంధించినది కాదని పలువురు తలంతురు. కాని ఈ సీమ వృద్ధులకు మారకపు లెక్క క్రొత్త కాదు. నైజాము కాలమున 100 కల్దారు రూపాయలు పొందుటకు హాలీ సిక్కాలో రూ. 116-10-8 చెల్లింపవలసి యుండెను. ఆదాయము ఒక నాణెమున, బాకీ మరియొక నాణెమున గలవాడు ఆ భేదమును మరువరాదు.

నాగు అప్పును గమనింపుడు. పుట్టి ధాన్యము తెచ్చినవాడు పంట పిమ్మట ఒకటిన్నర పుట్టి కొలువవలెను. ధాన్యము ధర పెరిగినను రైతుకు దిగులు లేదు. పొలమున పండినదే కొలుచును. అదే అప్పు సిరిసిల్ల నేతగాడు తెచ్చినచో, అతని కూలి రూపాయలలో వచ్చును. ధాన్యము మాత్రము పెరిగిన ధరకే కొనవలెను. కొలత మారలేదు, బరువు మారినది.

విదేశములలో అప్పు తెచ్చిన కంపెనీ స్థితియు ఇట్టిదే. 1966 జూన్ 6న ప్రభుత్వము రూపాయి విలువను తగ్గింపగా, రూ. 4.76 గల డాలరు రూ. 7.50 అయినది. కోటి డాలర్ల బాకీ రూ. 4 కోట్ల 76 లక్షల నుండి ఒక్కనాటనే రూ. 7 కోట్ల 50 లక్షలకు పెరిగెను. క్రొత్త యంత్రమొక్కటియు రాలేదు. అసలుతోపాటు వడ్డీయు పెరిగినది. 2013లో మే ఆరంభమున సుమారు రూ. 54 ఉండిన డాలరు ఆగస్టు చివరకు రూ. 68 దాటినది.

అయితే అందరికిని నష్టము ఒక్కటి కాదు. కరీంనగరపు గ్రానైటును చైనాకు పంపు వర్తకుడు డాలర్లు ఆర్జించును. అతడు రైతు వంటివాడు. రూపాయలే ఆర్జించు కంపెనీ నేతగాని వంటిది. అట్టి కంపెనీ రేటును ముందుగా నిర్ణయించుకొను ఒప్పందమును బ్యాంకుతో చేసికొనవచ్చును. దానికిని రుసుము కలదు.

నాటి కరీంనగరము జిల్లాలోని రామగుండము విద్యుత్కేంద్రము ప్రపంచ బ్యాంకు రుణసహాయముతో నిర్మాణమై, 1983లో ఉత్పత్తి ప్రారంభించినది. దానిని నడుపు ఎన్.టి.పి.సి. తరువాతి కాలమున డాలర్లలోను, యెన్లలోను అప్పులు తెచ్చినది. కరెంటు అమ్మిన సొమ్ము రూపాయలలోనే వచ్చును. కావున మారకము వలన పెరిగిన రుణభారమును కరెంటు కొను సంస్థల నుండి రాబట్టుకొనుటకు కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి నిబంధనలు అవకాశమిచ్చినవి. ఆ సంస్థలు దానిని ఇంటి బిల్లులో చేర్చును, లేదా ప్రభుత్వము భరించును. పొలము మోటారుకు కరెంటు ఉచితమైనను ఖజానాకు ఉచితము కాదు. ఖజానా ప్రజలది.

కావున విదేశీ అప్పు పాపమని కాదు; దానివలన దీపములు వెలిగినవి. వడ్డీ తక్కువని సంతసించుటకు ముందు, ఏ కొలతతో ఆదాయము వచ్చునో ఆ కొలతతోనే అప్పు తీరునా అని ప్రశ్నింపవలెను. ఈ గ్రంథాలయమునకు వచ్చు పత్రికలో డాలరు రేటు అచ్చయిన మూలను పాఠకులు ఇకమీదట దాటిపోకుందురుగాక.