నడివయసులో నల్లబల్ల ముందు

(ఎర్రమంజిల్‌లో జరిగిన సొసైటీ వార్షిక సభలో ఒక లెక్కల ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)



ఎందరో విద్వాంసులు మాట్లాడిన ఈ వేదిక మీద నన్ను నిలబెట్టినందుకు కార్యవర్గానికి కృతజ్ఞుణ్ని. ఉన్న ఉద్యోగం మాని నడివయసులో టీచరైనవాడిగా నాలుగు మాటలు చెప్పమన్నారు. మన సభ్యుల్లో కొందరికి ఇదే ఆలోచన ఉందని కూడా అన్నారు. కాబట్టి ఏదీ దాచకుండా చెబుతాను.

మనకు దగ్గర్లోనే గుట్ట మీద ఎర్రమంజిల్ భవనం ఉంది. నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించుకున్నది. నవాబుగారి నివాసం తర్వాతి కాలంలో సర్కారు ఇంజనీర్ల ఆఫీసయింది. దాన్ని పడగొట్టి ఆ చోట అసెంబ్లీ కట్టాలని 2019లో ప్రభుత్వం నిర్ణయిస్తే, అదే ఏడు సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. ఆ గుట్ట కింది రోడ్డు మీదనే ఒక కాంట్రాక్టరు దగ్గర నేను పదహారేళ్లు ఎస్టిమేట్లు వేశాను, బిల్లులు రాశాను. రోజూ ఆ భవనాన్ని చూసేవాణ్ని. గోడలు అవే, పని వేరు. మనిషికి అది అంత తేలిక కాదని నాకు తర్వాత తెలిసింది.

ఈ విషయంలో అందరూ అబ్దుల్ కలాంగారి పేరు చెబుతారు. 1982లో మన హైదరాబాదులోనే డి.ఆర్.డి.ఎల్. డైరెక్టరుగా చేరి క్షిపణులు చేయించిన మనిషి, 2001లో, డెబ్బై ఏళ్ల వయసులో, పెద్ద పదవి వదిలి మద్రాసు అన్నా యూనివర్సిటీలో పాఠాలు చెప్పడానికి వెళ్లారు. 2002లో రాష్ట్రపతి అయ్యారు. 2007లో దిగిపోయాక మళ్లీ విద్యార్థుల దగ్గరికే వెళ్లారు. 2015 జూలై 27న షిల్లాంగులో విద్యార్థుల ముందు మాట్లాడుతూనే కుప్పకూలి కన్నుమూశారు. గొప్ప సంగతి. కాని ఆయనకు ఇంటి అద్దె బెంగ లేదు. మనకుంది.

నేను ఉద్యోగం మానతానన్నప్పుడు అమ్మీ, “నలభై దాటాక మళ్లీ పుస్తకాల సంచీ పట్టుకుంటావా బేటా?” అంది. మా ఆవిడ మాత్రం డైరీ తెచ్చి ముందు పెట్టింది. “జీతం తగ్గితే తగ్గనీయండి. పిల్లల ఫీజులు మాత్రం ఆగకూడదు. లెక్క వేయండి” అంది. పదహారేళ్లు ఊళ్లోవాళ్ల ఇళ్లకు ఎస్టిమేట్లు వేసినవాణ్ని, నా ఇంటికి ఎస్టిమేటు వేసింది ఆ రాత్రే! రెండేళ్ల ఖర్చు చేతిలో పెట్టుకోవడానికి మాకు మూడేళ్లు పట్టింది. కాబట్టి మొదటి మాట: ముందు ఇంట్లో కూర్చుని లెక్క తేల్చుకోండి. ప్రైవేటు బడిలో చేరేముందు వేసవి నెలలకు జీతం ఇస్తారా అని అడగండి. అడగడానికి సిగ్గుపడకండి.

రెండవది చదువు. బి.ఇడి. 2015లో రెండేళ్ల కోర్సయింది. 8వ తరగతి వరకు చెప్పేవారికి టెట్ కూడా కావాలి. 150 మార్కుల్లో జనరల్ వారికి 90, బి.సి.లకు 75 రావాలి. ఒకసారి నెగ్గితే ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుందని 2021లో నిర్ణయించారు. ఇంకొకటి గుర్తుంచుకోండి. ఒకటి నుంచి ఐదు తరగతుల టీచరు ఉద్యోగానికి బి.ఇడి. అర్హత కాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. చిన్నపిల్లలకు చెప్పాలనుకునేవారు డి.ఇ.ఎల్.ఇడి. చదవాలి. ఇది తెలియక రెండేళ్లూ, డబ్బూ పోగొట్టుకోవద్దు.

ఇక మూడవది, అసలైనది. మొదటి రోజు ఎనిమిదో తరగతిలో నిష్పత్తులు చెప్పాను. పదహారేళ్లు అన్నం పెట్టిన లెక్క కదా అని నలభై నిమిషాలు ఆపకుండా, బోర్డు నిండా రాశాను. గంట కొట్టాక వెనక బెంచీ పిల్లవాడొకడు లేచి, “సార్, మీకు లెక్కలు బాగా వచ్చు సార్. మాకే రాలేదు” అన్నాడు. వెక్కిరింపు కాదు, పాపం, మెచ్చుకోలుగానే అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు చేశానేమో, పాత ఉద్యోగానికి తిరిగి పోదామా అనుకున్నాను. మర్నాడు మా పెద్ద టీచరమ్మ, “మీరు బోర్డుకు పాఠం చెప్పారు బాబూ. పిల్లలకు చెప్పలేదు” అన్నారు. ఆ తర్వాత నెల రోజులు ఖాళీ పీరియడ్లలో ఆమె క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నాను.

మళ్లీ నిష్పత్తుల పాఠం వచ్చినప్పుడు బోర్డు ముట్టుకోలేదు. “కాంక్రీటు కలపడం ఎవరు చూశారు?” అని అడిగాను. ఆ వెనక బెంచీ పిల్లవాడే చెయ్యెత్తాడు. వాళ్ల అబ్బా మేస్త్రీ. “తట్ట సిమెంటుకు రెండు తట్టలు ఇసుక, నాలుగు తట్టలు కంకర సార్” అన్నాడు. “మూడు తట్టల సిమెంటుకు కంకర ఎంత?” అన్నాను. “పన్నెండు సార్!” ఆలోచించకుండానే అన్నాడు. “అదేరా నిష్పత్తి” అన్నాను. క్లాసంతా వాడివైపు తిరిగి చూసింది. నా పదహారేళ్లు వృథా కాలేదని ఆ రోజు నమ్మకం కుదిరింది.

పని తెలియడం వేరు, పని నేర్పడం వేరు. మొదటిది మనతో తెచ్చుకుంటాం. రెండవది మళ్లీ విద్యార్థి అయితేనే వస్తుంది. వయసు అడ్డు కాదు, “నాకన్నీ తెలుసు” అనుకోవడమే అడ్డు.

చివరగా సొసైటీ పెద్దలకు ఒక మనవి. మన వాళ్లలో అకౌంట్లు రాసేవారు, మెకానిక్కులు, కుట్టుపని తెలిసిన చెల్లెళ్లు, గల్ఫు నుంచి తిరిగొచ్చిన అన్నలు ఎందరో ఉన్నారు. వారిలో చదువుకుని టీచరు కావాలనుకునేవారికి ఫీజుల కోసం కర్జె హసనా ఇప్పించండి. బదులుగా వారు సాయంత్రాలు ఈ హాల్లో మన పిల్లలకు పాఠం చెబుతారు. అప్పు తీరుతుంది, చెప్పడమూ అలవాటవుతుంది. అలా మొదలుపెడితే, శుక్రవారం మినహా వారానికి రెండు సాయంత్రాలు లెక్కలు చెప్పడానికి నేను సిద్ధం. సుద్దముక్కలు నేనే తెచ్చుకుంటాను.