నీటిచుక్క చెప్పిన పాఠం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

తొమ్మిదో తరగతిలో మా సైన్సు సారు వడ్డేపల్లి చెరువు నుంచి తామరాకు తెచ్చి, దాని మీద నీళ్లు చిలకరించారు. చుక్కలు గుండ్రంగా దొర్లిపోయాయి. గాజుపలక మీద వేస్తే పరుచుకున్నాయి. "పైపొర గుణం చుక్కే చెప్తదిరా" అన్నారు. రికార్డులో చుక్క వేసిన టైము రాయలేదని నాకు సంతకం పెట్టలేదు. చాదస్తం అనుకున్నాను.

వరంగల్ ఆర్‌ఈసీలో చదువు ముగించి, సిలికోన్ రబ్బరు భాగాల తయారీలో చేరాను. మెత్తని వస్తువును కొలవడం ఇనుమును కొలిచినంత తేలిక కాదు. షోర్ డ్యూరోమీటరు సూదితో నొక్కితే గట్టితనం తెలుస్తుంది, పైపొర సంగతి తెలియదు. అందుకు నీటిచుక్క వేసి, దాని అంచు దగ్గరి కోణం చూస్తాం. 90 డిగ్రీలు దాటితే ఆ తలానికి నీరు పడదని అర్థం. మామూలు సిలికోన్ మీద అది 100 దాటుతుంది. ఈ కోణం లెక్క 1805లో థామస్ యంగ్ చెప్పిందే. కానీ మరీ మెత్తని పదార్థమైతే చుక్క అంచు కింద ఉపరితలమే సన్నని గట్టులా పైకి లేస్తుంది, లెక్క మారుతుంది. 1971లో జాన్సన్, కెండాల్, రాబర్ట్స్ మరో దారి చూపారు. రబ్బరు బంతులను ఆనించి, అవి తాకిన మేరను బట్టి ఉపరితల శక్తిని లెక్కగట్టారు.

జిగురు పట్టడానికి సిలికోన్‌కు ప్లాస్మా పట్టిస్తాం. అప్పుడు చుక్క పరుచుకుంటుంది. ఒకసారి అలా కొలిచి "బాగుంది" అని రిపోర్టు ఇచ్చాను. ఆ భాగాలను వారం తర్వాత అతికించారు. ఊడిపోయి తిరిగొచ్చాయి. నింద జిగురు పూసిన కుర్రాడి మీద పడింది, పని పోయింది.

నెల తర్వాత అనుమానమొచ్చి, మిగిలిన ముక్క మీద మళ్లీ చుక్క వేశాను. గుండ్రంగా నిలబడింది. లోపలి చిన్న అణుగొలుసులు మెల్లగా పైకి చేరి, పైపొరను పాత గుణానికి తెస్తాయి. నా కొలత తప్పు కాదు. ఎప్పుడు కొలిచానో రాయలేదు, ఎన్ని గంటల్లో అతికించాలో చెప్పలేదు. తప్పు నాదని రాసిచ్చాను. అప్పటికే ఆ అబ్బాయి ఊరు విడిచి వెళ్లాడు. మళ్లీ దొరకలేదు.

ఇప్పుడు టైము రాయని కాగితం మీద నేను సంతకం పెట్టను. మా కుర్ర ఇంజనీర్లు చాదస్తం అనుకుంటారు. సారు ముందు వరుసలోనే ఉన్నారు. సారూ, ఆనాడు మీరు పెట్టని సంతకానికి నా నమస్కారం.