కళ్ళం, ఇల్లు, పొరుగు హక్కు

స్తుతి అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త (స)పై శాంతి శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! మన పట్టణాలు పొలాలలోకి పెరుగుతున్నాయి. నిన్న వరి పండిన నేలలో నేడు ప్లాట్ల హద్దురాళ్ళు నిలిచాయి. కొత్తగా వచ్చిన ఇళ్ళవారు నూర్పిడి దుమ్ము, గేదెల పాక వాసన, కొయ్యకాళ్ళ పొగ భరించలేమంటున్నారు. తాతల నాటి సేద్యం తమదని రైతులు బదులిస్తున్నారు. ఈ ఇరుపక్షాలవారూ మన మస్జిదులో ఒకే వరుసలో నమాజుకు నిలుస్తున్నారు. కనుక ఈ తగవు మన అందరిదీ.

ప్రవక్త (స) హానినీ, ప్రతిహానినీ రెండింటినీ నిషేధించారు. ఆ సూత్రంపైనే మన ఫిఖ్హ్ పండితులు పొరుగు హక్కులను నిర్ణయించారు. ఉస్మానీ సామ్రాజ్యంలో 1869-1876 మధ్య హనఫీ ఫిఖ్హ్ ఆధారంగా కూర్చిన ‘మజల్లా’ ధర్మసంహితలో కళ్ళం ప్రస్తావన ఉంది. ఇంటి పక్కన కళ్ళం వేయగా, దుమ్ము వల్ల ఆ ఇంట నివసించడమే అసాధ్యమైతే, ఆ హానిని తొలగించాలని 1200వ అధికరణం చెబుతుంది. పాత కళ్ళం పక్కన కొత్తగా ఇల్లు కట్టుకున్నవాడు దుమ్ము పేరుతో నూర్పిడిని ఆపించజాలడని 1207వ అధికరణం చెబుతుంది.

అయితే ముందు నుంచి ఉన్నంత మాత్రాన ప్రతిదీ హక్కు కాదు. హానికి పాతదనం రక్షణ కాజాలదన్నది అదే మజల్లాలోని 7వ అధికరణ సారం. నూర్పిడి లేనిదే గింజ ఇంటికి చేరదు. కొయ్యకాళ్ళు తగులబెట్టకపోయినా సేద్యం సాగుతుంది. మొదటిది అవసరం, రెండవది పొరుగువారి పసిబిడ్డల ఊపిరికి హాని. మన దేశంలో కూడా భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 2023లోని 152వ సెక్షన్ ప్రజలకు కలిగే ఉపద్రవాన్ని తొలగించమని ఆదేశించే అధికారాన్ని మేజిస్ట్రేటుకు ఇస్తుంది.

గొర్రెలు మేసిన పొలం విషయంలో హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) ఇచ్చిన తీర్పును స్మరిద్దాం. ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు తెలిపిన ప్రకారం, కాపరి పొలాన్ని బాగుచేసేవరకు గొర్రెల పాలు, ఉన్ని రైతుకు చెందాయి. ఆ తర్వాత ఎవరి సొత్తు వారికి చేరింది. నష్టం తీరింది, ఎవరి బ్రతుకూ కూలలేదు.

రైతు సోదరులారా! నూర్పిడికి ముందు రోజు పొరుగువారికి కబురు చెప్పండి. పెంటకుప్పను గోడకు దూరంగా వేయండి. నిప్పు పెట్టకండి. గృహస్థులారా! స్థలం కొనేముందు పక్కన ఏముందో చూసుకోండి. అధికారుల గడప తొక్కేముందు రైతు గడప తొక్కండి. మీ పళ్ళెంలోని అన్నం ఆ దుమ్ములో నుంచే వచ్చింది.

అల్లాహ్ మన పొలాలలో శుభాన్నీ, మన పొరుగులో సామరస్యాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.