హెచ్చరిక అందాక ఏం చేశారు?



2013 ఫిబ్రవరి 21, గురువారం, సాయంత్రం ఏడు గంటల వేళ. హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో 107 నంబరు బస్సులు ఆగే చోట ఒక సైకిలు, కాస్త దూరంలో ఏ-వన్ మిర్చి సెంటర్ దగ్గర ఇంకో సైకిలు. కోచింగ్ సెంటర్ల నుంచి పుస్తకాల సంచులతో బయటికొచ్చే పిల్లలు, ఆఫీసు వదిలి బస్సు కోసం ఎదురుచూసే ఉద్యోగులు, వేడి బజ్జీల కోసం ఆగినవాళ్లు. రోడ్డు పక్కన నిలబెట్టిన సైకిలును ఎవరు అనుమానిస్తారు? ఒకటి పేలింది, ఆ వెంటనే రెండోది. 18 మంది పోయారు. వందమందికి పైగా గాయపడ్డారు.

ఈ దాడి చెప్పాపెట్టకుండా వచ్చినది కాదు. 2012 అక్టోబరులోనే దిల్లీ పోలీసులకు చిక్కినవారు దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతంలో రెక్కీ చేశామని చెప్పారు. పేలుళ్లకు రెండు రోజుల ముందు రాష్ట్రాలన్నిటికీ హెచ్చరిక పంపామని అప్పటి కేంద్ర హోంమంత్రి సుశీల్‌కుమార్ షిండే ప్రకటించారు. హెచ్చరిక ఉంది. దానికీ బస్‌స్టాపులో నిలబడ్డ కానిస్టేబుల్‌కూ మధ్య దారి మాత్రం లేదు.

దోషులకు 2016 డిసెంబరులో ఎన్‌ఐఏ ప్రత్యేక న్యాయస్థానం మరణశిక్ష వేసింది. తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసేసరికి 2025 ఏప్రిల్ 8 వచ్చింది. ఆ తీర్పు వెలువడి సరిగ్గా రెండు వారాలకు పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. వారిలో విశాఖపట్నం మనిషి ఉన్నాడు, కావలి మనిషి ఉన్నాడు. ఉగ్రవాదంపై ప్రపంచ పోరాటం ఇకమీదట ఎటు వెళ్లాలన్న ప్రశ్న తెలుగువారికి దూరదేశపు రాజకీయం కాదు.

ఇప్పటిదాకా ఆ పోరాటం నడిచిన దారి చూస్తే గుండె బరువెక్కుతుంది. 2001 సెప్టెంబరు 11 తర్వాత అమెరికా ఎంచుకున్నది యుద్ధం. ఇరవై ఏళ్ల ఆ యుద్ధాల ఖర్చు 8 లక్షల కోట్ల డాలర్లని, నేరుగా వాటిలో చనిపోయినవారు దాదాపు 9 లక్షలని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో లెక్కకట్టారు. అదే ఏడాది ఆగస్టు 15న తాలిబన్లు మళ్లీ కాబూల్‌లో కూర్చున్నారు. ఒసామా బిన్ లాడెన్ 2011లో, అబూ బకర్ అల్ బాగ్దాదీ 2019లో, అయ్‌మన్ అల్ జవాహిరీ 2022లో హతమయ్యారు. నాయకులు పోయారు, శాఖలు మిగిలాయి.

భాషను పనిగా పెట్టుకున్న సభ కాబట్టి మాట దగ్గర కాసేపు ఆగాలి. తెలుగు పత్రికలు ఒకప్పుడు నక్సలైట్లను 'తీవ్రవాదులు' అన్నాయి, బాంబులు పెట్టేవారిని 'ఉగ్రవాదులు' అన్నాయి. ఉగ్రమంటే నరసింహుడి రూపం గుర్తొస్తుంది. కోపం వినిపిస్తుందే తప్ప బాధితుడి భయం ఆ మాటలో వినిపించదు. ఇంగ్లిష్ మాట 'టెర్రర్'లో భయముంది, కానీ రాజకీయాల్లో అది మొదట పేరుపడింది 1793-94లో ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం సొంత ప్రజలను గిలటిన్ ఎక్కించిన రోజులకు. అంటే ఆ మాట పుట్టింది రాజ్యం చేసిన హింసకు పేరుగా. ఐక్యరాజ్యసమితిలో ఇప్పటికీ తెగని పేచీ ఇక్కడే ఉంది. ఉగ్రవాదంపై ఒక సమగ్ర ఒప్పందం కావాలని భారత్ 1996లో ముసాయిదా ఇచ్చింది. పరాయి ఆక్రమణపై పోరాడేవారిని ఏమనాలి, సైన్యాల చేష్టలను ఏమనాలి అన్న చోట అది ఆగిపోయింది. పరిభాష కుదరకపోతే శాస్త్రం ముందుకు సాగదని పండితులకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఖాళీలో ఏం జరుగుతుందో సిరియా చూపించింది. అల్‌ఖైదా శాఖకు నాయకుడిగా ఉన్న అబూ మొహమ్మద్ అల్ జులానీ తలకు అమెరికా కోటి డాలర్ల వెల కట్టింది. అదే మనిషి అహ్మద్ అల్ షరా అన్న పేరుతో, దేశాధ్యక్షుడి హోదాలో 2025 నవంబరులో వైట్‌హౌస్ గడప దాటాడు. అంతకు కొద్దిరోజుల ముందే భద్రతామండలి అతనిపై ఆంక్షలు ఎత్తేసింది. సిరియా ప్రజలకు శాంతి దక్కితే అంతకంటే కావలసిందేముంది? కానీ ఒక పేరును జాబితాలోకి ఎక్కించేదీ దించేదీ నిర్వచనం కాదు, అవసరం. ఈ పద్ధతి మారకుండా ప్రపంచమంతా ఒక్కటై పోరాడుతోందన్న మాటకు బలం రాదు.

అవసరాన్ని బట్టి నడిచే లోకంలో ఒకరి హెచ్చరికను ఇంకొకరు నమ్మరు. శ్రీలంకలో 2019 ఏప్రిల్ 21న, ఈస్టర్ ఆదివారం, చర్చిల్లో, హోటళ్లలో 250 మందికి పైగా చనిపోయారు. దాడి జరగబోతోందని భారత నిఘా వర్గాలు ఏప్రిల్ 4నే కొలంబోకు చెప్పాయి. అధ్యక్షుడికీ ప్రధానికీ పడక, ఆ దేశపు జాతీయ భద్రతామండలి సమావేశాలకు ప్రధానిని పిలవడమే మానేసిన రోజులవి. 2023 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు మాజీ అధ్యక్షుడు సిరిసేనను సొంత డబ్బులోంచి 10 కోట్ల శ్రీలంక రూపాయలు బాధితులకు కట్టమంది. అందిన హెచ్చరికను పక్కన పెట్టినందుకు దేశాన్నేలినవాడి చేత పరిహారం కట్టించిన ఆ తీర్పు ఈ చరిత్రలో పెద్ద మలుపు. దానికి రావలసినంత పేరు రాలేదు.

మాస్కోదీ అదే కథ. సంగీత కచేరీల వంటి జనసమ్మర్దాలకు దూరంగా ఉండమని 2024 మార్చి 7న అమెరికా రాయబార కార్యాలయం బాహాటంగా చెప్పింది. అలాంటి ప్రకటనలు బెదిరింపులేనని మార్చి 19న పుతిన్ కొట్టిపారేశారు. మార్చి 22న క్రోకస్ సిటీ హాల్‌లో కచేరీకి వచ్చినవారిపై తుపాకులు పేలాయి. 140 మందికి పైగా చనిపోయారు.

ఇప్పుడు ఈ యుద్ధానికి కేంద్రం మధ్యప్రాచ్యం కాదు, సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సాహెల్. 2024లో ప్రపంచమంతటా ఉగ్రవాదానికి బలైనవారిలో సగానికి పైగా అక్కడివారే. మాలీ, బుర్కినా ఫాసో, నైజర్ మూడింటా సైనిక కుట్రలు జరిగాయి, ఫ్రెంచి సేనలు వెళ్లిపోయాయి, మాలీ నుంచి ఐక్యరాజ్యసమితి శాంతిదళమూ 2023 చివరికి తప్పుకుంది. తెలుగు వార్తల్లో ఆ దేశాల పేర్లు ఎప్పుడో గానీ కనబడవు. కానీ 2025 జులై 1న మాలీలోని కాయెస్‌లో సిమెంటు ఫ్యాక్టరీపై దాడిచేసి ఎత్తుకుపోయిన భారతీయుల్లో తెలుగువారున్నారు. అంతకు పదేళ్ల ముందు, 2015 జులైలో, లిబియాలోని సిర్త్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పుకుంటున్న ఇద్దరు తెలుగు అధ్యాపకులను ఇస్లామిక్ స్టేట్ మనుషులు పట్టుకుపోయారు. వారితో పాటు చిక్కిన ఇద్దరు కన్నడిగులు కొన్ని రోజులకే విడుదలయ్యారు. వీరిద్దరూ దాదాపు పద్నాలుగు నెలలు బందీలుగా ఉండి, 2016 సెప్టెంబరులో బయటపడ్డారు. పొట్టకూటికి పోయిన పంతుళ్లకూ ఆ యుద్ధానికీ ఏమిటి సంబంధం?

డబ్బు దారి కట్టేయడం కొంత ఫలితమిచ్చింది. ఆర్థిక నిఘా సంస్థ ఎఫ్‌ఏటీఎఫ్ 2018 నుంచి 2022 దాకా పాకిస్తాన్‌ను గ్రే లిస్టులో పెట్టినప్పుడు, అంతవరకు స్వేచ్ఛగా తిరిగినవారిపై అక్కడి కోర్టుల్లో కేసులు కదిలాయి. అయితే దారులు కొత్తవి పుడుతున్నాయి. 2019లో 40 మంది జవాన్లను బలిగొన్న పుల్వామా బాంబుకు వాడిన అల్యూమినియం పొడిని ఆన్‌లైన్ అంగట్లో కొన్నారని ఎఫ్‌ఏటీఎఫ్ 2025 జులై నివేదికలో రాసింది. 2019లోనే క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినవాడు ఆ ఘోరాన్ని ఫేస్‌బుక్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశాడు. 24 గంటల్లో 15 లక్షల నకళ్లు తీసేయాల్సి వచ్చింది. ఆ మృతుల్లోనూ హైదరాబాద్ వారున్నారు.

సాంకేతికత ఎంత పెరిగినా చివరికి కనిపెట్టాల్సింది పక్కింటివాడే. దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పెట్టినవాళ్లు అబ్దుల్లాపూర్‌మెట్‌లో గది అద్దెకు తీసుకుని మకాం పెట్టారు. ఇల్లు అద్దెకిచ్చేవాడు, కిరాణా కొట్టువాడు, పాలవాడు భయం లేకుండా పోలీస్‌స్టేషన్ మెట్లెక్కగలిగితేనే హెచ్చరిక పుడుతుంది. ఆ నమ్మకాన్ని హైదరాబాద్ ఒకసారి పోగొట్టుకుంది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక పాతబస్తీ యువకులను పదులకొద్దీ పట్టుకెళ్లి హింసించారు. వారు నిర్దోషులని తేలాక ప్రభుత్వమే పరిహారమిచ్చి, మచ్చలేనివారని పత్రాలు రాసిచ్చింది. తర్వాత ఆ పరిహారాన్ని హైకోర్టు కొట్టేసింది. పేలుడు కేసులో విచారణ ఎదుర్కొన్నవారంతా 2018 ఏప్రిల్‌లో విడుదలయ్యారు. ప్రార్థనకు వచ్చి చనిపోయినవారి ఇళ్లకు నేటికీ జవాబు లేదు. అమాయకుణ్ణి కొట్టిన ప్రతి దెబ్బా అసలు దోషికి దాక్కునే చోటు ఇస్తుంది.

కాబట్టి రాబోయే పోరాటం డ్రోన్లతో తెమిలేది కాదు. దేశాలు ఒకరి మాట ఒకరు నమ్మడం, అందిన సమాచారం కింది ఠాణాదాకా చేరడం, న్యాయస్థానం పన్నెండేళ్లు తీసుకోకుండా తేల్చడం, ఈ మూడింటి మీదే అది నిలుస్తుంది.

ఇందులో సాహిత్యకారులకూ చరిత్రకారులకూ పనుంది. హైదరాబాద్‌లో గోకుల్ చాట్, లుంబినీ పార్క్, మక్కా మసీదు, దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసుల తీర్పులను సామాన్యుడు చదివే తెలుగులోకి తీసుకురావాలి. గాయపడి బతికినవారి, బందీలుగా ఉండి ఇల్లు చేరినవారి మాటలను వారి నోటనే విని రాసిపెట్టాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆనాడు బస్సు కోసం నిలబడి బయటపడ్డ విద్యార్థులకు ఇప్పుడు ముప్పై దాటి ఉంటాయి. ఈ సభ ముగిసేలోగా నలుగురైదుగురు ముందుకొచ్చి ఆ పని మొదలుపెట్టాలని వేడుకోలు.