పెద్దల కంటికి ఆనే అక్షరాలు

బీపీ మిషన్ మీద అంకె కనపడక, ఏటీఎం తెర మీద అక్షరం ఆనక మనవణ్ని పిలిచే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఎందరో. లోపమంతా వారి చూపుదే కాదు, ఆ తెరను తయారుచేసిన తీరుది కూడా.

వయసు మీదపడేకొద్దీ కంటిలోని కటకం పసుపు రంగుకు తిరుగుతుంది, కంటిపాప చిన్నదవుతుంది. 20 ఏళ్ల వయసులో రెటీనాకు చేరే వెలుగులో 60 ఏళ్లకు సుమారు మూడో వంతే చేరుతుంది. పసుపెక్కిన కటకం నీలి కాంతిని ఎక్కువగా అడ్డుకుంటుంది. అందుకే నల్లని తెర మీద ముదురు నీలం అక్షరాలు వారికి మసకబారతాయి. నీలానికీ ఆకుపచ్చకూ తేడా చప్పున తెలియదు.

కాబట్టి రంగు కంటే వెలుగులో తేడా ముఖ్యం. అక్షరానికీ దాని వెనక రంగుకూ మధ్య ఈ తేడా మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5కు 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. మరింత స్పష్టత కావాలంటే 7కు 1. నలుపు మీద స్వచ్ఛమైన నీలం 2.5 కూడా అందుకోదు. అదే పసుపు 19 దాటుతుంది.

తెలుగు లిపికి మరో జాగ్రత్త కావాలి. ఒత్తులు, గుణింతపు గుర్తులు చిన్నవి. అక్షరం పెద్దదిగా, వరుసల మధ్య ఎడం ఎక్కువగా ఉండాలి. అలాగే ప్రమాద హెచ్చరికను ఎరుపు రంగుతోనే సరిపెట్టకుండా, పక్కన మాట కూడా రాయాలి.

తెరలు తయారుచేసేవారికి ఒక విన్నపం. అమ్మకానికి పెట్టే ముందు వాటిని 70 ఏళ్ల పెద్దమ్మ చేతికిచ్చి చదివించండి. ఆమె కంటికి ఆనిన అక్షరం అందరి కంటికీ ఆనుతుంది.